రాని బండికి గేటు

విరూపాక్షి ఇంజనుకు పన్ను ఊడింది.

ఇంజనుకు పన్నేమిటంటారా? అది బొమ్మ రైలింజను. కీ ఇస్తే నడిచేది. దాని కడుపులో ఇత్తడి పళ్ల చక్రాలుంటాయి. వాటిలో ఒకటి చింతగింజంత కూడా ఉండదు. దానికున్న పన్నొకటి ఊడి ఎక్కడో పడింది. కీ తిప్పితే ఇంజను గిర్రుమంటుంది, అడుగు మాత్రం వెయ్యదు. ఆ సాయంత్రం విరూపాక్షి కార్చిన కన్నీళ్లకు మా వీధిలో ఎండిపోయిన బావులన్నీ ఊరాయి. గుంతకల్లులో బావి ఊరడమంటే మాటలా!

విరూపాక్షి చిన్నపిల్లాడేం కాదు. బజార్లో కళ్లద్దాల షాపుంది, నెత్తిన వెంట్రుకలు లేవు. మా తమ్ముడు దస్తగిరికి శిష్యుడు.

దస్తగిరి బతుకంతా స్టేషన్ మాస్టరుగా చేసి, రిటైరయ్యాక ఇల్లు కట్టాడు. ఇల్లని పేరే గానీ అందులో మనుషులకు చోటు లేదు, అంతా బొమ్మ రైళ్లకే. పట్టాలు హాల్లో మొదలై, మూలనున్న నా మంచం కిందుగా పోయి, గోడ కన్నంలోంచి దూరి, రోలు చుట్టూ తిరిగి, వంటింటి గడప ఎక్కి, మళ్లీ హాల్లోకొస్తాయి. దారిలో మంచంకోట, రోలుపల్లె, వంటిల్లు జంక్షన్ అని స్టేషన్లు. పాత గొడుగు ఊచలతో సిగ్నళ్లు. వంటింటి గుమ్మంలో ఎర్ర చారల వెదురు గేటు. గేటు పడిందంటే నేనివతల, పొయ్యి అవతల. ఆ గేటు దగ్గర నిలబడి నిలబడే నా జుట్టు నెరిసింది.

ఈ విద్య నేర్చుకుందామని ప్రపంచంలో సగం జనం మా గడప తొక్కారు. తమ్ముడి చాదస్తం చూసి ఆ సగమూ పారిపోయారు. మిగిలింది ఇద్దరు. ఒకడు విరూపాక్షి, ఇంకొకడు బ్యాంకులో పనిచేసే జయన్న. వాళ్లకు మా తమ్ముడు ఉస్తాద్. వాడు నోరు తెరిచి చెప్పేది తక్కువ. నెల మొత్తం వాడు మాట్లాడిన మాటలు నేను ఒక్క తుమ్ములో తుమ్మేయగలను.

ఒక్కో శిష్యుడికి ఒక్కో బండి. జయన్నది గూడ్సు, కొత్త రకం, కరెంటుతో నడిచేది. విరూపాక్షిది గుత్తి ప్యాసింజరు. దీపాలు పెట్టే వేళకు బయల్దేరుతుంది. దాని ఇంజను ఎక్కడో మంచు కురిసే దేశంలో తయారైంది. ఆ కంపెనీ మూతపడి, దాని గోడల మీద చెట్లు మొలిచి, ఆ చెట్లు కూడా ముసలివై పడిపోయి ఉంటాయి. మరి చక్రం ఎక్కడ దొరుకుతుంది?

"ఇంత చక్రానికి ఇంత ఏడుపెందుకప్పా? ఏ లేత్ షాపులోనైనా అలాంటిదే కోయించుకో" అన్నాన్నేను.

విరూపాక్షి నా వంక చూసిన చూపుకు పచ్చిగడ్డి భగ్గుమనేది.

"లేత్ చక్రమా పెద్దమ్మా? ఒరిజినల్ లేకపోతే అది ఇంజను కాదు. డబ్బా!"

జయన్న పక్కనుంచి అందుకున్నాడు. "ఒరిజినల్ దొరికేసరికి నీ మనవడు రిటైరవుతాడు గానీ, అన్నా, అంతవరకూ నీ ప్యాసింజరు టైము నాకిచ్చేయరాదా? నా ఇంజన్లలో ఒకటి ఖాళీగానే ఉంది."

"నా టైము నీకెందుకిస్తాను? ఉస్తాద్, మీరైనా చెప్పండి."

దస్తగిరి గోడకు తగిలించిన పలక వైపు చూశాడు. టైంటేబుల్ దాని మీదే సుద్దతో రాసి ఉంటుంది.

"జూలై మొదటి తారీఖున కొత్త టైంటేబుల్ రాస్తాను. ఇంజను లేని బండి అందులో ఉండదు" అన్నాడు.

జూలై మొదటి తారీఖంటే రైలు వాళ్లకు ఉగాది లాంటిది. దాన్ని దాటి ఇంకేమీ అడగడానికి లేదు. విరూపాక్షి మొహం గేటు కింద పడ్డ టమాటాలా అయింది.

"అంతవరకూ నా బండి?"

"టైముకు బయల్దేరుతుంది."

"ఇంజను లేదు కదా, ఉస్తాద్!"

"ఇంజను నువ్వు చూసుకో. బండి నేను చూసుకుంటా."

విరూపాక్షికి అర్థం కాలేదు. జయన్నకూ కాలేదు. నాకైతే మా తమ్ముడి మాటలు పుట్టినప్పటి నుంచీ అర్థం కావు.

విరూపాక్షి షాపు తలుపులు వేసేసి చక్రం కోసం బయల్దేరాడు. హైదరాబాదు పాత సామాన్ల బజార్లో వాడు తిరగెయ్యని ఇనుప ముక్క లేదు. చెన్నై పోయాడు, బెంగుళూరు పోయాడు. కంప్యూటర్లో ఏడు సముద్రాల అవతలి వాళ్లను కూడా అడిగాడట. ఒకడు చక్రం ఫొటో పంపాడు, చూస్తే అది గడియారంలోది. ఇంకొకడు, నా దగ్గరా అదే పన్ను ఊడిందయ్యా, నీకు దొరికితే నాకూ ఒకటి పంపు అని బతిమాలాడు. ఇక్కడ కళ్లద్దాలు లేక ఊళ్లో సగం మంది ఎదురింటి భార్యల్ని పలకరించడం మొదలుపెట్టారు.

ఆ రోజుల్లో మా ఇంట్లో జరిగిన చోద్యం చెబుతాను వినండి.

దీపాలు పెట్టే వేళ అయింది. నేను హాల్లో పప్పుకుండ పట్టుకుని వంటింట్లోకి పోతున్నాను. దస్తగిరి గంట కొట్టాడు. "రోలుపల్లె, గుత్తి ప్యాసింజరుకు లైన్ క్లియరా?" అని అడిగాడు. "క్లియర్" అని తనే జవాబు చెప్పాడు. సిగ్నల్ దించాడు. గేటు వేశాడు. జయన్న గూడ్సు పక్క లైన్లో ఆగిపోయింది.

పట్టాల మీద చూస్తే చీమ లేదు.

దస్తగిరి పచ్చజెండా పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. కళ్లు మాత్రం ఎడమ నుంచి కుడికి మెల్లగా కదిలాయి, పెట్టె వెనక పెట్టెను లెక్క చూసుకుంటున్నట్టు. చివర్లో తల తిప్పి వెనక దీపం కూడా చూశాడు. అప్పుడు సిగ్నల్ ఎత్తి, గేటు తీశాడు.

"ఏం పోయిందిరా ఇప్పుడు?" అన్నాను.

"ప్యాసింజరు."

"నాకు కనపడలేదే?"

"నువ్వు పప్పు చూసుకుంటున్నావు కదక్కా."

ఇలా రోజూ. పాలు పొంగి పొయ్యి ఆరిపోతున్నా గేటు తెరిచేవాడు కాదు. ఒకసారి ఒళ్లు మండి, లేని బండికి గేటేమిటని కాలెత్తి దాటబోయాను.

"అక్కా! బండి!" అని అరిచాడు.

ఎగిరి వెనక్కి పడ్డాను. అల్లా మీద ఆన, నా చీర కుచ్చిళ్లకు గాలి తగిలింది. ఫ్యాను గాలేనని జయన్న అంటాడు. ఆ పూట కరెంటు లేదు మరి. ఏమో, నాకేం తెలుసు. ఆ రోజు నుంచి నేనూ గేటు దగ్గర ఆగి, పోయిందా అని అడిగి, పోయిందంటేనే దాటేదాన్ని. వీధి వాళ్లంతా నాకు పిచ్చి పట్టిందనుకున్నారు. తమ్ముడికి పట్టిందని నేననుకున్నాను.

జయన్న మాత్రం గొణుగుతూనే ఉన్నాడు. "లేని బండికి ఉన్న బండిని ఆపడం ఏ రూలు ఉస్తాద్?"

"ఉన్నదీ లేనిదీ కాదు. టైము దానిది" అన్నాడు దస్తగిరి.

జూన్ ఆఖరు. బొరుగులు నానబెట్టి ఉగ్గాణికి తాలింపు వేస్తున్నాను. విరూపాక్షి తుఫానులా వచ్చి పడ్డాడు. గడ్డం పెరిగి, బట్టలు నలిగి, ఒళ్లంతా దుమ్ము. ఒక్క మనిషి మీద అంత దుమ్ము నేనెప్పుడూ చూళ్లేదు, విదిలిస్తే ఎకరా చేను అవుతుంది. కళ్లు మాత్రం టార్చిలైట్లే.

"దొరికింది ఉస్తాద్! ఒరిజినల్! ఆదోనిలో!"

"పక్కనే ఉన్న ఆదోనికి పోయి రావడానికి ఇన్నాళ్లా?" అన్నాన్నేను.

"దేశమంతా తిరిగాక తెలిసింది పెద్దమ్మా. ఈరన్న అని ఒక ముసలాయన. పత్తి మిల్లులో పని మానేసి ఇంట్లో ఉన్నాడు. ఆయన దగ్గర అచ్చం నా ఇంజనే! అదే కంపెనీ, అదే రంగు, అదే ఈల!"

"నడుస్తోందా?" అడిగాడు దస్తగిరి.

"భేషుగ్గా నడుస్తోంది. రోజూ దీపాలు పెట్టే వేళకు మంచం కోడు చుట్టూ తిప్పుకుంటాడట. సిగ్నల్ లేదు, స్టేషన్ లేదు, టైంటేబుల్ లేదు. వట్టి గుండ్రం! అంత మంచి ఇంజను అక్కడ ఉండి ఏం లాభం చెప్పండి?"

"ఇచ్చాడా?"

"ఇవ్వనన్నాడు. నేను వదుల్తానా? వాకిట్లో కూర్చున్నాను. జూలై వస్తే నా బండి రద్దవుతుందని చెప్పాను. కాసేపు నా మొహం చూసి, బండి రద్దవడమేంటి బాబూ, తీసుకుపో అన్నాడు."

దస్తగిరి వాడి చేతిలోని సంచి వైపు చూశాడు.

"ఊరికే తీసుకోలేదు, ఉస్తాద్. కరెంటుది, కొత్త సెట్టు, అట్టపెట్టెతో సహా ఇచ్చాను. చూస్తే కళ్లు చెదరాలి. ఆయనకే లాభం!"

"ఏమన్నాడు?"

"బాగుంది బాబూ అన్నాడు. పెట్టె విప్పలేదు. మంచం కిందకు తోశాడు."

"మిగతా ఇంజను?"

విరూపాక్షి సంచిలోంచి రేకు డబ్బా తీసి తట్టాడు. "ఇదుగో! ఇప్పి చక్రం తీసుకున్నాను. మిగతాదంతా స్పేరు. ఇంక ఈ జన్మలో నాకు పార్టులకు కరువు లేదు."

జయన్న మొహం వాడిపోయింది. నేను సంతోషం పట్టలేక ఉగ్గాణిలో ఉప్పు రెండుసార్లు వేశాను.

విరూపాక్షి కింద కూర్చుని, కళ్లద్దాలు బిగించే సన్న స్క్రూడ్రైవరుతో తన ఇంజను ఇప్పాడు. చక్రం తొడిగాడు. బిగించాడు. నూనె చుక్క వేశాడు. కీ తిప్పితే స్ప్రింగు కరకరమని బిగిసింది. పట్టాల మీద పెట్టాడు. ఇంజను ఒక్కసారి ఒళ్లు విరుచుకుని కదిలింది. ఈల వేసింది. ఆ ఈలకు బళ్లారిలో కుక్కలు మొరిగాయంటే నమ్మండి. మంచంకోట దాటింది, రోలుపల్లె దాటింది. విరూపాక్షి మోకాళ్ల మీద దాని పక్కనే పాకుతూ పోయాడు.

"చూశారా ఉస్తాద్! ఒరిజినల్ అంటే అదీ!"

దస్తగిరి గంట కొట్టాడు.

ఆ గంట ప్యాసింజరుకు కాదు. వేరే గంట. సిగ్నల్ పైకి లేచింది, అంటే ఆగమని. వంటిల్లు జంక్షన్ బయటే విరూపాక్షి ఇంజను వీపు మీద మీట నొక్కి ఆపాడు. కడుపులో స్ప్రింగు బిగిసే ఉంది. ఇంజను సన్నగా వణుకుతోంది.

దస్తగిరి గేటు వేశాడు. నేను ఉగ్గాణి గిన్నెతో లోపల చిక్కుకుపోయాను.

"ఇంకే బండి ఉస్తాద్?" విరూపాక్షి అయోమయంగా చూశాడు. "ప్యాసింజరు నాదే కదా. ఇదిగో, నడుస్తోంది కదా."

"ఆగు. బండి పోవాలి."

"ఏ బండి?"

"ఆదోని బండి."

జయన్న నవ్వాడు. "ఆదోని బండి మన టైంటేబుల్లో ఎక్కడుంది ఉస్తాద్?"

"లేదు. దాని టైము కూడా ఇదే" అన్నాడు దస్తగిరి.

పచ్చజెండా పట్టుకుని నిలబడ్డాడు. నేను అలవాటు చొప్పున ఎడమ నుంచి కుడికి చూశాను. వాడి కళ్లు అటు పోలేదు. పట్టాల వైపే చూడలేదు. హాలు మూలనున్న నా మంచం వైపు చూస్తున్నాడు. దాని కోడు దగ్గర మొదలుపెట్టి, కళ్లను నేల మీద మెల్లగా గుండ్రంగా తిప్పాడు. మళ్లీ తిప్పాడు. మళ్లీ. దీపం పెట్టాల్సిన వేళ దాటిపోతోంది. వాడు మంచం కోడు చుట్టూ లేని బండిని చూస్తూనే ఉన్నాడు. మా తమ్ముడికి ఈసారి మందు కూడా లేదని నిశ్చయించుకున్నాను.

అర్థం కాక విరూపాక్షి వైపు తిరిగాను.

విరూపాక్షి కూడా మంచం కోడు చుట్టూ చూస్తున్నాడు. మొదట దిక్కులు చూస్తున్నాడనుకున్నాను. కాదు. వాడి కళ్లూ గుండ్రంగానే తిరుగుతున్నాయి. మా తమ్ముడి కళ్లు ఎక్కడుంటే వాడివీ అక్కడే. జయన్న నవ్వు ఆపేశాడు. ఇంట్లో ఇంజను వణుకు తప్ప ఇంకే చప్పుడూ లేదు. ఉగ్గాణి చల్లారి రాయయింది, దాంతో గోడ కట్టొచ్చు.

ఎంతసేపటికీ దస్తగిరి గేటు తియ్యలేదు. వెళ్లిపోయింది అన్న మాట వాడి నోట రాలేదు.

విరూపాక్షి మీట మీదినుంచి వేలు తియ్యకుండానే ఇంజనును పట్టాల మీదనుంచి ఎత్తుకున్నాడు. మీట వదిలి, స్ప్రింగు ఖాళీ అయ్యేదాకా అరచేతిలో పట్టుకున్నాడు. చక్రాలు గాల్లో తిరిగి తిరిగి ఆగాయి. స్క్రూడ్రైవరు తీశాడు. ఇప్పాడు. చింతగింజంత చక్రం మళ్లీ బయటికొచ్చింది. దాన్ని రుమాల్లో చుట్టి, రేకు డబ్బాలో ఆదోని ఇంజను ముక్కల పక్కన పెట్టాడు. తన ఇంజనును సంచిలో పెట్టుకున్నాడు.

"అయ్యో, ఏంటప్పా ఇది? ఎల్లుండే జూలై కదా!" అన్నాన్నేను.

వాడు లేచి నిలబడ్డాడు. ఉస్తాద్ వైపు చూళ్లేదు. నన్నడిగాడు.

"పెద్దమ్మా, ఆదోనిలో లేత్ పని బాగా చేసేవాళ్లుంటారా?"

"లేకేం! ఊరంతా పత్తి మిల్లులాయె. వీధికి వెయ్యిమంది ఉంటారు. ఎందుకూ?"

జవాబు చెప్పకుండా చెప్పులేసుకున్నాడు. కనీసం ఉగ్గాణైనా తినిపొమ్మన్నాను. వినిపించుకోలేదు. ఉప్పు సంగతి ముందే తెలిసినట్టుంది.

జూలై మొదటి తారీఖు వచ్చింది. విరూపాక్షి రాలేదు. జయన్న పొద్దున్నే తలంటుకుని, కొత్త చొక్కా తొడుక్కుని, మెరిసే కరెంటు ఇంజనొకటి పట్టుకుని పెళ్లికొడుకులా దిగాడు. దస్తగిరి పలక కడిగి, ఆరబెట్టి, సుద్దతో కొత్త టైంటేబుల్ రాశాడు. నాకు చదువు రాదు. ఏం రాశాడో నాకు తెలియదు. జయన్న మాత్రం పలక చూసి ఇంజను మళ్లీ పెట్టెలో పెట్టేశాడు.

"ఇంజను లేని బండి ఉండదన్నారు కదా ఉస్తాద్?"

"ఇంజను దారిలో ఉంది" అన్నాడు దస్తగిరి.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు నేను సంగటి గిన్నె పట్టుకుని వంటింటి వైపు పోతున్నాను. గంట కొట్టాడు. లైన్ క్లియర్ అడిగాడు, చెప్పాడు. సిగ్నల్ దించి గేటు వేశాడు. నేను ఆగాను. వాడి కళ్లు ఎడమ నుంచి కుడికి పోయాయి. వెనక దీపం చూశాడు. గేటు తీశాడు.

"ప్యాసింజరు పోయిందా?" అన్నాను.

"పోయిందక్కా."

కదల్లేదు నేను. ఒకసారి తమ్ముడికి లోకువైతే సంగటి గడ్డకట్టేదాకా నిలబెడతాడు. ముందే అడగడం మంచిది.

"మరి ఆ రెండోది? ఆదోనిది? దానికీ గేటు వేస్తావా?"

దస్తగిరి జెండా చుట్టి మూలన పెట్టాడు. నా చేతిలో గిన్నె తను అందుకున్నాడు.

"దానికి ఇక్కడ గేటెందుకక్కా? ఈపాటికి మంచం కోడు చుట్టూ తిరుగుతుంటుంది."